త్రిభుజానికి సౌష్ఠవ రేఖలు ఎన్ని? మడిచి, కొలిచి తేల్చుకునే పద్ధతి

శ్రీకాకుళంలో మా ఇంటి అరుగు మీద సాయంత్రం పూట ఆరు, ఏడు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. సౌష్ఠవం పాఠానికి వచ్చినప్పుడల్లా వాళ్లను ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "త్రిభుజాన్ని రెండు సమాన భాగాలు చేసే ప్రతి గీతా సౌష్ఠవ రేఖ అవుతుందా?" దాదాపు అందరూ అవుతుందనే అంటారు. ఆ జవాబులో పొరపాటు ఎక్కడుందో తెలిసిన పిల్లలకు పాఠంలో మిగిలినదంతా తేలికగా వస్తుంది. అది తెలియకపోతే "సమబాహు త్రిభుజానికి మూడు, సమద్విబాహు త్రిభుజానికి ఒకటి, విషమబాహు త్రిభుజానికి సున్న" అని ఎంత చక్కగా వల్లించినా, పరీక్షలో బొమ్మను కాస్త పక్కకు తిప్పి ఇచ్చేసరికి తడబడతారు. అందుచేత ఆ మూడు అంకెలను బట్టీ పట్టించకుండా, పిల్లలు తమ చేతులతోనే కనుక్కునేలా నేను చేయించే పనిని, ఇంట్లో తల్లిదండ్రులు కూడా చేయించడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను.

కావలసిన వస్తువులు కొద్దివే: నాలుగైదు ఎ4 కాగితాలు, కత్తెర, స్కేలు, వృత్తలేఖిని, సన్నగా చెక్కిన పెన్సిలు. పాత శుభలేఖలతో చేయవచ్చా అని పిల్లలు అడుగుతారు. అట్ట మందంగా ఉంటే మడత గీసినట్టు సూటిగా పడదు, ఒక మిల్లీమీటరు అటో ఇటో జరుగుతుంది, ఈ పనిలో ఆ మిల్లీమీటరే తీర్పును మార్చేస్తుంది. కాగితం పలుచగా ఉండాలి, మడత పెట్టాక గోటితో గట్టిగా రుద్దాలి.

సౌష్ఠవ రేఖ అంటే ఏమిటి

ఒక ఆకారాన్ని ఏ సరళరేఖ వెంట మడిస్తే ఒక పక్క భాగం రెండో పక్క భాగం మీద ఎక్కడా బయటికి పొడుచుకు రాకుండా, ఎక్కడా చాలకుండా పోకుండా సరిగ్గా కూర్చుంటుందో, ఆ రేఖను ఆ ఆకారపు సౌష్ఠవ రేఖ అంటాము. ఇదే మాటను కొలతల్లో చెప్పాలంటే, రేఖకు ఇటు పక్కనున్న ప్రతి బిందువుకూ అటు పక్క ఒక జోడు బిందువు ఉంటుంది. ఆ రెండూ రేఖ నుంచి ఒకే దూరంలో ఉంటాయి, వాటిని కలిపే గీత సౌష్ఠవ రేఖను లంబంగా ఖండిస్తుంది. నిర్వచనంలో "సమాన భాగాలు" అనే మాట కంటే "ఒకదాని మీద ఒకటి కూర్చోవడం" అనే మాట ముఖ్యమని మొదటి రోజే చెప్పాలి.

మా పల్లెల్లోని పూరింటిని ముందు నుంచి చూస్తే పైకప్పు ముక్కోణంగా కనిపిస్తుంది. రెండు వాలులూ ఒకే పొడవున్న ఇంట్లో, మధ్యన నిలబెట్టిన నిట్రాడు ఆ ముక్కోణానికి సరిగ్గా సౌష్ఠవ రేఖ మీద ఉంటుంది. అదే ఇంటికి పంచ కోసమని ఒక వాలును కిందికి పొడిగించారనుకోండి: నిట్రాడు కదలలేదు, కప్పు కొన కదలలేదు, అయినా ముక్కోణం విషమబాహు త్రిభుజమై దాని సౌష్ఠవ రేఖ మాయమవుతుంది. సౌష్ఠవం ఆకారం మొత్తానికి సంబంధించిన గుణమే కాని, మధ్యలో ఉన్న గీతకు సొంతమైన గుణం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు రేఖ, తరువాత త్రిభుజం

ఇచ్చిన త్రిభుజంలో రేఖను వెతికే ముందు, రేఖను ముందుగా పెట్టుకొని దాని చుట్టూ త్రిభుజాన్ని తయారుచేయించడం మంచిది. కాగితాన్ని సగానికి మడవండి. మడిచిన అంచు మీద అడుగు నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున ఒక చుక్క, అడుగు అంచు మీద మడత నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో ఇంకొక చుక్క పెట్టి, రెండింటినీ స్కేలుతో కలిపి, ఆ గీత వెంట రెండు పొరలనూ కలిపి కత్తిరించండి. విప్పి చూస్తే 10, 10, 12 సెంటీమీటర్ల భుజాలున్న సమద్విబాహు త్రిభుజం చేతిలో ఉంటుంది, మడత గుర్తే దాని సౌష్ఠవ రేఖ. రెండు పొరలనూ ఒకే కత్తెర ఒకేసారి కోసింది కాబట్టి ఏటవాలు భుజాలు రెండూ సమానం కాక తప్పదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాగితం అడుగు అంచు మడతకు సరిగ్గా లంబంగా ఉండాలి. వంకరగా చించిన కాగితంతో చేస్తే, విప్పినప్పుడు అడుగు భుజం మధ్యలో విరిగి, మూడు మూలలకు బదులు నాలుగు మూలలున్న ఆకారం వస్తుంది. అలా వచ్చినప్పుడు పారేయకుండా పిల్లలకు చూపించండి. సమద్విబాహు త్రిభుజంలో సౌష్ఠవ రేఖ భూమికి, అంటే అడుగు భుజానికి, ఎందుకు లంబంగా ఉండాలో, లంబంగా లేనప్పుడు ఏమవుతుందో ఆ చెడిపోయిన కాగితమే చెబుతుంది.

సమబాహు త్రిభుజాన్ని స్కేలు, వృత్తలేఖిని లేకుండా కాగితం మడతతోనే చేయవచ్చు, ఈ పాఠం మొత్తంలో పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది ఇదే. ఎ4 కాగితాన్ని నిలువుగా పెట్టి, పొడవైన అంచులు రెండూ కలిసేలా మడిచి విప్పండి; నడుమ నిలువుగా ఒక మడత గుర్తు పడుతుంది. ఇప్పుడు అడుగున కుడి మూలను పట్టుకొని, ఎడమ మూల దగ్గర మడత మొదలయ్యేలా, కుడి మూల పైకి లేచి సరిగ్గా ఆ నడిమి గుర్తు మీద వాలేలా మడవండి. అది వాలిన చోట పెన్సిలుతో చుక్క పెట్టి, కాగితం విప్పి, ఆ చుక్కను అడుగు మూలలు రెండింటితోనూ కలపండి. వచ్చినది సమబాహు త్రిభుజం. ఎ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు కాబట్టి మూడు భుజాలూ 21 సెంటీమీటర్లే ఉంటాయి, ఎత్తు దాదాపు 18.2 సెంటీమీటర్లు వస్తుంది.

ఎందుకలా వస్తుందో అడిగి, జవాబు వాళ్ల చేతే చెప్పించాలి. అడుగు అంచే లేచి వెళ్లి ఏటవాలుగా పడుకుంది కాబట్టి ఎడమ మూల నుంచి చుక్కకు ఉన్న దూరం అడుగు అంచుకు సమానం. చుక్క నడిమి గుర్తు మీద ఉంది కాబట్టి అది రెండు మూలలకూ సమాన దూరంలో ఉంది. మూడు భుజాలూ సమానమని తేలడానికి ఈ రెండు మాటలు చాలు. రెండు సార్లు మడిచాము, రెండు సార్లూ సౌష్ఠవాన్నే వాడుకున్నాము.

ఆ త్రిభుజాన్ని కత్తిరించి, ఒక్కొక్క శీర్షం గుండా ఒక మడత చొప్పున మూడు మడతలు పెట్టించండి. మూడింటిలోనూ రెండు సగాలూ చక్కగా కలుస్తాయి, మూడు మడత గుర్తులూ లోపల ఒకే బిందువు దగ్గర కలుసుకుంటాయి. ఆ బిందువు దగ్గర గుండుసూది గుచ్చి త్రిభుజాన్ని తిప్పితే, ఒక పూర్తి చుట్టులో మూడు సార్లు అది తన పాత చోటులోనే కూర్చుంటుంది. సమద్విబాహు, విషమబాహు త్రిభుజాలకు ఈ భ్రమణ సౌష్ఠవం లేదు.

ఏ త్రిభుజానికైనా సరిపోయే మూడు మడతల పరీక్ష

ఎవరో గీసి ఇచ్చిన త్రిభుజం ఏ రకమో తెలియదనుకోండి. దాన్ని కత్తిరించి, శీర్షాలకు ఎ, బి, సి అని పేర్లు పెట్టండి. బి మూలను సి మూల మీదికి తెచ్చి రెండు కొనలూ ఖచ్చితంగా ఒకదాని మీద ఒకటి ఉండేలా పట్టుకొని మడవండి. ఇప్పుడు చూడవలసినది ఒక్కటే: ఆ మడత ఎ శీర్షం గుండా వెళ్లిందా? వెళితే అది సౌష్ఠవ రేఖ. ఎ పక్కనుంచి, ఎంత దగ్గరగానైనా సరే, తప్పుకొని పోతే అది సౌష్ఠవ రేఖ కాదు. విప్పి, సి మూలను ఎ మీదికి, ఆ తరువాత ఎ మూలను బి మీదికి తెచ్చి ఇదే పని చేయండి. మూడు మడతల్లో ఎన్ని మడతలు ఎదుటి శీర్షం గుండా పోయాయో, త్రిభుజానికి అన్నే సౌష్ఠవ రేఖలు.

మూడే ఎందుకు, నాలుగో మడత ఎందుకు ప్రయత్నించనక్కరలేదు అని మా దగ్గర చదివే ఒక పిల్లవాడు అడిగాడు, ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. త్రిభుజానికి మూలలు మూడు. మడిచినప్పుడు ఒక మూల మీద మరొక మూలే పడాలి, భుజం నడుమ పడితే ఆకారం కలవదు. మూడు మూలలను జతలుగా కలపబోతే రెండు జత కుదిరి ఒకటి మిగిలిపోతుంది. మిగిలిన మూల తన మీద తానే పడాలి, అంటే మడత మీదే ఉండాలి. అందువల్ల త్రిభుజానికి సౌష్ఠవ రేఖ అంటూ ఉంటే అది ఏదో ఒక శీర్షం గుండా వెళ్లి తీరుతుంది, ఎదుటి భుజాన్ని మధ్యలో లంబంగా ఖండించి తీరుతుంది. మూడు మూలలూ మడత మీదే ఉండవచ్చు కదా అనుకుంటే, అప్పుడు మూడూ ఒకే సరళరేఖ మీదికి వచ్చి అసలు త్రిభుజమే ఉండదు. మిగిలిన మూల మూడింటిలో ఏదైనా కావచ్చు కాబట్టి ప్రయత్నించవలసినవి మూడు మడతలే.

ఒక త్రిభుజానికి సరిగ్గా రెండు సౌష్ఠవ రేఖలు ఉండడం కూడా సాధ్యం కాదు. ఎ గుండా ఒక రేఖ ఉంటే ఎబి, ఎసి భుజాలు సమానం. బి గుండా ఒకటి ఉంటే బిఎ, బిసి సమానం. రెండూ ఉన్నాయంటే మూడు భుజాలూ సమానమైపోయి, అడగకుండానే మూడో రేఖ వచ్చి చేరుతుంది. "ఈ త్రిభుజానికి రెండు సౌష్ఠవ రేఖలు" అని పిల్లవాడు రాస్తే ఒక రేఖను తప్పుగా లెక్కపెట్టాడో, ఒక రేఖను మరిచిపోయాడో చూడాలి.

కాగితాన్ని కత్తిరించడానికి వీల్లేని చోట, అంటే పుస్తకంలోని బొమ్మకు, వృత్తలేఖిని ఇదే పని చేస్తుంది. ముల్లును ఎ మీద పెట్టి, పెన్సిలు మొనను బి దాకా తెరిచి, సి వైపుకు చాపం గీయండి. చాపం సి గుండా పోతే ఎ గుండా సౌష్ఠవ రేఖ ఉన్నట్టు. ముల్లును బి మీద, సి మీద పెట్టి మిగతా రెండు సార్లూ అలాగే చూడండి. కంటితో చూసి తీర్పు చెప్పడాన్ని నేను ఒప్పుకోను. 7 సెంటీమీటర్లు, 7.2 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్ల త్రిభుజం పెద్దవాళ్ల కంటికి కూడా సమద్విబాహువుగానే కనిపిస్తుంది, చాపం మాత్రం రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టిస్తుంది.

రేఖ ఉందని తేలాక దాన్ని గీయడం తేలిక. ఎ గుండా రేఖ ఉందంటే, బి, సిలు కేంద్రాలుగా, బిసిలో సగం కన్నా ఎక్కువ వ్యాసార్ధంతో, వ్యాసార్ధం మార్చకుండా భూమికి దిగువన రెండు చాపాలు గీసి, అవి ఖండించుకున్న బిందువును ఎతో కలిపితే సరిపోతుంది. రేఖను చుక్కల గీతగా, త్రిభుజం దాటి రెండు వైపులా కొంచెం బయటికి వచ్చేలా గీయించండి, ఎందుకంటే మనం గీస్తున్నది రేఖను. అది త్రిభుజం అంచు దగ్గర ఆగిపోదు.

సమాన వైశాల్యం దగ్గర వచ్చే చిక్కు

మొదట్లో చెప్పిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాము. 6, 8, 10 సెంటీమీటర్ల భుజాలతో ఒక త్రిభుజం గీసి కత్తిరించండి. 6, 8 భుజాలు కలిసే మూల లంబకోణం. ఆ మూల నుంచి 10 సెంటీమీటర్ల కర్ణం మధ్యబిందువుకు మధ్యగతం గీసి, దాని వెంట కత్తిరించండి. త్రిభుజం వైశాల్యం 24 చదరపు సెంటీమీటర్లు. రెండు ముక్కల వైశాల్యమూ చెరి 12. ఒక ఏడాది ఈ రెండు ముక్కలనూ చేతుల్లో పట్టుకొని ఒక అమ్మాయి నన్ను నిలదీసింది: "మాస్టారూ, రెండూ పన్నెండే కదండీ, మరి ఒకదాని మీద ఒకటి పెడితే ఎందుకు కలవట్లేదు?"

నేను జవాబు చెప్పకుండా భుజాలు కొలవమన్నాను. మధ్యగతం పొడవు 5 సెంటీమీటర్లు, కర్ణంలో సగమూ 5 సెంటీమీటర్లే. కాబట్టి ఒక ముక్క 5, 5, 6 సెంటీమీటర్ల త్రిభుజం, రెండోది 5, 5, 8 సెంటీమీటర్ల త్రిభుజం. మొదటిది నిక్కి నిలబడినట్టు ఉంటుంది, ఎత్తు 4. రెండోది వాలి పడుకున్నట్టు ఉంటుంది, ఎత్తు 3. వైశాల్యాలు సమానమే కాని ఆకారాలు వేరు. ఇంకా ముచ్చటైన సంగతేమిటంటే, సౌష్ఠవ రేఖే లేని త్రిభుజాన్ని కోస్తే, తలా ఒక సౌష్ఠవ రేఖ ఉన్న రెండు సమద్విబాహు త్రిభుజాలు వచ్చాయి. ఈ ఒక్క త్రిభుజానికే కాదు, ఏ లంబకోణ త్రిభుజాన్నయినా లంబకోణ శీర్షం నుంచి గీసిన మధ్యగతం రెండు సమద్విబాహు త్రిభుజాలుగా విడదీస్తుంది.

మధ్యగతం ఏ త్రిభుజంలోనైనా వైశాల్యాన్ని సగం చేస్తుంది, ప్రతి త్రిభుజానికీ మూడు మధ్యగతాలు ఉంటాయి. కాబట్టి "సమాన భాగాలు" అనే మాటనే పట్టుకుంటే ప్రతి త్రిభుజానికీ కనీసం మూడు సౌష్ఠవ రేఖలు ఉన్నాయని చెప్పవలసి వస్తుంది.

అదే త్రిభుజాన్ని మరొకటి గీసి, లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి మూడు గీతలు వేయించండి: ఎత్తును చూపే లంబం, కోణ సమద్విఖండన రేఖ, మధ్యగతం. 6 సెంటీమీటర్ల భుజం కర్ణాన్ని తాకే కొన నుంచి కొలిస్తే, లంబం 3.6 సెంటీమీటర్ల దగ్గర, కోణ సమద్విఖండన రేఖ దాదాపు 4.3 సెంటీమీటర్ల దగ్గర, మధ్యగతం 5 సెంటీమీటర్ల దగ్గర కర్ణాన్ని తాకుతాయి. ఒకే శీర్షం నుంచి బయలుదేరి మూడూ మూడు చోట్లకు పోయాయి. ఇప్పుడు ముందు చేసిన 10, 10, 12 సెంటీమీటర్ల త్రిభుజంలో, సమాన భుజాలు కలిసే శీర్షం నుంచి అవే మూడు గీతలు గీయమనండి. మూడూ భూమి మీద 6 సెంటీమీటర్ల దగ్గరే, ఒకే గీతగా పడతాయి. భూమికి లంబ సమద్విఖండన రేఖ కూడా అదే. ఈ నాలుగూ ఏకమైన గీతే త్రిభుజంలో సౌష్ఠవ రేఖ. ఈ రెండు బొమ్మలనూ నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో గీయించడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టినా ఫరవాలేదు.

దీని కన్నా సూక్ష్మమైన చిక్కు చతుర్భుజాల దగ్గర ఎదురవుతుంది. దీర్ఘచతురస్రాన్ని కర్ణం వెంట, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీత వెంట, కోస్తే రెండు ముక్కలూ అచ్చంగా ఒకేలా ఉంటాయి, అయినా కర్ణం వెంట మడిస్తే అవి కలవవు; కలపాలంటే ఒక ముక్కను చుట్టూ తిప్పాలి. శీర్షం గుండా గీసిన గీత త్రిభుజాన్ని సర్వసమానమైన రెండు ముక్కలు చేస్తే మాత్రం అది తప్పకుండా సౌష్ఠవ రేఖే అవుతుంది.

పెట్టెలోని మూలమట్టాలు

పిల్లల జామెట్రీ పెట్టెలో రెండు మూలమట్టాలు ఉంటాయి, చాలామంది వాటిని ఏడాది పొడుగునా బయటికే తీయరు. ఒకదాని కోణాలు 45, 45, 90 డిగ్రీలు. రెండోదాని కోణాలు 30, 60, 90 డిగ్రీలు. రెండూ లంబకోణ త్రిభుజాలే. మొదటిదానికి ఒక సౌష్ఠవ రేఖ ఉంది, అది లంబకోణం మూల నుంచి కర్ణం మధ్యకు పోతుంది. మూలమట్టాన్ని లంబకోణం అడుగున ఉండేలా నిలబెట్టి చూడడం అలవాటైనందువల్ల, పైనున్న 45 డిగ్రీల మూల నుంచి కిందికి గీత గీసేవాళ్లు చాలామంది. కర్ణాన్ని అడుగున పెట్టి చూడమంటే వాళ్ల తప్పును వాళ్లే దిద్దుకుంటారు. రెండో మూలమట్టానికి సౌష్ఠవ రేఖ లేదు.

ఇద్దరు పిల్లల దగ్గర ఒకే కొలతల్లో ఉన్న 30, 60, 90 మూలమట్టాలను తీసుకోండి. లంబకోణం దగ్గర కలిసే రెండు భుజాల్లో పొడవైనవాటిని ఆనించి పక్కపక్కన పెట్టండి. 30, 30 కలిసి 60 అవుతాయి, అడుగున రెండు వైపులా 60 డిగ్రీలు ఉండనే ఉన్నాయి: సౌష్ఠవ రేఖే లేని రెండు ముక్కల నుంచి మూడు సౌష్ఠవ రేఖలున్న సమబాహు త్రిభుజం వచ్చింది. ఈసారి పొట్టి భుజాలను ఆనిస్తే 120, 30, 30 డిగ్రీల అధికకోణ త్రిభుజం వస్తుంది, దానికి ఒక్క రేఖే. రెండు సార్లూ ఒక మూలమట్టాన్ని బోర్లించాలి, దాని మీద అచ్చైన అంకెలు తిరగబడి కనిపించాలి. బోర్లించకుండా తిప్పి ఆనిస్తే సమాంతర చతుర్భుజం వస్తుంది. అద్దంలో కనిపించే ప్రతిబింబానికీ, గిర్రున తిప్పిన బొమ్మకూ ఉన్న తేడా ఆ తిరగబడిన అంకెల్లో కనిపిస్తుంది.

ఇక కోణాలను బట్టి వచ్చే పేర్ల సంగతి. లంబకోణ త్రిభుజానికీ, అధికకోణ త్రిభుజానికీ సౌష్ఠవ రేఖ ఉంటే ఒకటి, లేకపోతే సున్న. మూడు ఎప్పటికీ ఉండవు, ఎందుకంటే మూడు రేఖలకు మూడు కోణాలూ 60 డిగ్రీలే కావాలి. అల్పకోణ త్రిభుజానికి సున్న, ఒకటి, మూడు, ఏదైనా కావచ్చు. అందువల్ల "అల్పకోణ త్రిభుజం" అని మాత్రమే ఇచ్చి ఎన్ని రేఖలని అడిగితే చెప్పలేము.

పరీక్షలో బొమ్మ లేకుండా కోణాలే ఇచ్చినప్పుడు మూడో కోణాన్ని కనుక్కోవడంతో మొదలుపెట్టాలి. 50, 80 డిగ్రీలు ఇస్తే మూడోది 50. రెండు కోణాలు సమానమయ్యాయి కాబట్టి 80 డిగ్రీల శీర్షం గుండా ఒక రేఖ. 40, 60 ఇస్తే మూడోది 80. సౌష్ఠవ రేఖ లేదు. రెండు భుజాలు సమానమని చెప్పి ఒక కోణం 60 డిగ్రీలని ఇస్తే, ఆ కోణం ఏ మూలదైనా సరే, అది సమబాహు త్రిభుజమే, మూడు రేఖలు. పై తరగతుల్లో శీర్షాలను (0, 0), (6, 0), (3, 4) అని నిరూపకాలుగా ఇస్తారు; భుజాలు 6, 5, 5 వస్తాయి, ఎక్స్ = 3 అనే రేఖ సౌష్ఠవ రేఖ. "సున్న" అని రాయడానికి పిల్లలు జంకుతారు, ఏదో ఒకటి గీయకపోతే మార్కు పోతుందనుకుంటారు. సున్న కూడా పూర్తి జవాబేనని వాళ్లకు ధైర్యం చెప్పాలి.

శ్రీకాకుళం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎర్ర అంచుతో కనిపించే హెచ్చరిక పలకలు సమబాహు త్రిభుజాలు. పలక ఆకారానికి మూడు సౌష్ఠవ రేఖలు; నాలుగు రోడ్ల కూడలిని చూపే బొమ్మ లోపల ఉంటే, బొమ్మతో కలిపి ఒక్క నిలువు రేఖే మిగులుతుంది; కుడి మలుపు బాణం ఉంటే ఒక్కటీ మిగలదు. ప్రశ్న ఆకారం గురించా, బొమ్మ మొత్తం గురించా అన్నది చదివి చూసుకోవాలి.

సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాల ఎదుటి కోణాలు సమానమని క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథంలోని మొదటి పుస్తకపు ఐదో ప్రతిపాదనలో, భుజాలను కిందికి పొడిగించి, కొత్త త్రిభుజాలు గీసి నిరూపించాడు. క్రీస్తు శకం 4వ శతాబ్దానికి చెందిన అలెగ్జాండ్రియా గణితవేత్త పప్పస్ ఒక్క గీత కూడా అదనంగా గీయలేదు. ఎబిసి త్రిభుజాన్నీ, దాన్నే బోర్లిస్తే వచ్చే ఎసిబి త్రిభుజాన్నీ రెండు వేరు త్రిభుజాలుగా పోల్చి చూశాడు: ఎబికి ఎసి సమానం, ఎసికి ఎబి సమానం, మధ్య కోణం ఒకటే, కాబట్టి రెండూ సర్వసమానం, కాబట్టి బి కోణం సి కోణానికి సమానం. మూలమట్టాన్ని బోర్లించిన పిల్లలకు ఈ నిరూపణ చెబితే వెంటనే అందుతుంది, వాళ్లు చేతితో చేసినది ఆయన తర్కంతో చేశాడు.

అట్టతో ఒక మట్టం

చివరిగా దళసరి అట్టతో చేసే పని. పాత అట్టపెట్టె నుంచి 50, 50, 60 సెంటీమీటర్ల సమద్విబాహు త్రిభుజాన్ని కత్తిరించండి. ఇది ముందు చేసిన కాగితపు త్రిభుజానికి ఐదింతలు, ఎత్తు 40 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల భూమికి సరిగ్గా మధ్యన, 30 దగ్గర, గీత పెట్టండి. పై శీర్షం దగ్గర గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, దారం చివర చిన్న నట్టునో రాయినో భూమి అంచుకు కాస్త పైగా వేలాడేలా కట్టండి. రసమట్టాలు రాకముందు తాపీ పనివాళ్లు నేల మట్టంగా ఉందో లేదో చూడడానికి చాలా దేశాల్లో ఇటువంటి త్రిభుజాన్నే వాడేవారు. మట్టంగా ఉన్న నేల మీద త్రిభుజపు భూమి ఆనేలా నిలబెడితే, దారం నిలువుగా వేలాడుతుంది కాబట్టి అది త్రిభుజపు ఎత్తు వెంట పడుతుంది. సమద్విబాహు త్రిభుజంలో ఎత్తు, మధ్యగతం ఒకటే కాబట్టి దారం మధ్య గీత మీదికే చూపిస్తుంది. విషమబాహు త్రిభుజంతో చేస్తే నేల ఎంత మట్టంగా ఉన్నా దారం మధ్య గీతకు పక్కనే పడుతుంది.

అట్టను నిలువుగా పట్టుకొని, పైభాగం మీ వైపుకు వెంట్రుకవాసి వంచితే దారం అట్టను రాసుకోకుండా వేలాడుతుంది. మీ త్రిభుజం సరిగ్గా కుదిరిందో లేదో కూడా సౌష్ఠవంతోనే తెలుసుకోవచ్చు: దారం ఎక్కడ పడిందో చూసుకొని, అట్టను అదే చోట కుడిఎడమలు మార్చి నిలబెట్టండి. దారం మళ్లీ మధ్య గీత నుంచి నేల మీద అదే దిక్కుకు, అంతే దూరంలో పడితే త్రిభుజం మంచిదే. రెండు దూరాలూ వేరైతే కత్తిరించడంలో ఎక్కడో తేడా వచ్చింది.

కిందటిసారి పిల్లలు దీన్ని తయారుచేసి, మొదట గదిలో నేల మీద పెట్టి చూశారు. దారం గీత మీదే నిలిచింది. తరువాత అరుగు మీద, గోడ వైపు నుంచి వీధి వైపుకు పెట్టారు. దారం మధ్య గీత దాటి వీధి వైపు ఒక సెంటీమీటరు జరిగింది. అట్టను తిప్పి పెట్టినా మళ్లీ వీధి వైపే, ఒక సెంటీమీటరే. త్రిభుజం ఎత్తు 40 కాబట్టి అరుగు ప్రతి 40 సెంటీమీటర్లకూ ఒక సెంటీమీటరు వాలుగా ఉందని ఒక పిల్లవాడు లెక్క కట్టి చెప్పాడు. వాన నీళ్లు నిలవకుండా వీధిలోకి జారిపోవాలని మేస్త్రి వేసిన వాలు అది.